తాలింపు వేయని రోజు

వారం 1, సోమవారం

ఈ రోజు తాలింపు: ఇంగువ, ఎండుమిర్చి. పలకలు 240. సరిగ్గా రాసినవి 233. తప్పు 4. ఖాళీ 3.

రిజిస్టరులో ఇంతవరకే రాయాలి. ముందు పేజీల్లో ఇంతవరకే రాశాను కూడా. కానీ పుస్తకం తిరగేస్తే వెనక బోలెడు ఖాళీ పేజీలున్నాయి. ముందు పేజీల్లో ఊరు చెప్పింది ఉంటుంది, వెనక పేజీల్లో నేను చూసింది ఉంటుంది. నా తర్వాత ఈ పుస్తకం ఎవరి చేతికి వస్తే వాళ్ళు రెండూ చదువుకోవాలని మనవి.

నా పేరు దుర్గం మల్లుబాయి. లోనూరు దవాఖానాలో పదహారేళ్ళ నుంచి నర్సును. సూదులు, కట్లు, పురుళ్ళు నావే. పగలు పదకొండింటికి తాలింపు రిజిస్టరు కూడా నాదే. ఒప్పుకోవాల్సిన మాట మొదటి పేజీలోనే ఒప్పుకుంటాను. నాకు వాసన రాదు. రెండేళ్ళయింది.

మరి రిజిస్టరు ఎలా నడుపుతున్నావని అడుగుతారు. ఊరందరికీ వండే ఓదెలు ఆ రోజు తాలింపుకు ఏం తీసుకుంటున్నాడో సామాను చీటీ మీద రాస్తాడు. చీటీ మీద సంతకం నాది. అంతే.

వారం 1, బుధవారం

తాలింపు: వెల్లుల్లి, జీలకర్ర. సరి 234.

ఈ పద్ధతి ఎందుకొచ్చిందో రాయాలి. మేమున్నది పాత బొగ్గు గని అడుగున, మూడో మట్టంలో. పైన ఎండ యాభై నాలుగు డిగ్రీలు దాటినప్పుడు మా తాతలు కిందికి దిగి, గనిని గదులుగా కట్టుకుని, దానికి లోనూరు అని పేరు పెట్టుకున్నారు. తవ్వగా మిగిలిన బొగ్గు గోడల వెనక ఇంకా ఉంది. గాలి తగిలితే అది తనంత తానే వేడెక్కుతుంది. ముందు వాసన వస్తుంది, తర్వాత గోడకు చెమట పడుతుంది, ఆ తర్వాత కంటికి కనపడని, ముక్కుకు తెలియని విషగాలి వస్తుంది. అది వచ్చాక చేయగలిగింది ఏమీ లేదు. విషగాలిని పసిగట్టే గోడ మిషన్లు పాడై ఐదేళ్ళయింది. కొత్తవి పంపిస్తామని పైన చల్లగదుల్లో ఉండే అధికారులు ఐదేళ్ళుగా చెబుతూనే ఉన్నారు. కాబట్టి మాకు మిగిలింది ముక్కులే.

నూనె కాచడానికి ఊరు మొత్తానికీ రోజుకు ఒక్క గంటే అనుమతి. ఆ గంటలో పెద్ద ఫ్యాను జోరుగా తిప్పుతారు. ఓదెలు వేసిన తాలింపు ఆ గాలిలో నాలుగు గల్లీలకూ చేరుతుంది. ఐదేళ్ళు నిండిన ప్రతి మనిషికీ గుమ్మం పక్కన ఒక పలక. ఏ తాలింపో రాయాలి. నేను తిరిగి చూసి ఎక్కించుకుంటాను. వరుసగా పది రోజులు తప్పితే వాళ్ళది మొద్దుముక్కు కింద లెక్క. మొద్దుముక్కు వాళ్ళను పైకి, ఎండ గుడిసెలకు పంపిస్తారు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు మినహాయింపు.

పైకి పోయిన వాళ్ళలో ఒక్కరూ తిరిగి కిందికి రాలేదు. ఎండ గుడిసెల్లో మనుషులు ఎన్నాళ్ళు బతుకుతారో నేను ఇక్కడ రాయను.

వారం 1, శనివారం

రెండో గల్లీ జమున తన కూతురు తనూజను తీసుకొచ్చింది. ఈ ఏడు ఇది ఐదోసారి. పిల్లకు ఏడేళ్ళు. నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పడుకుంటే గురక, పొద్దున లేస్తే దగ్గు, ముక్కు నుంచి పచ్చగా చిక్కటి చీమిడి. రెండుసార్లు పిలిస్తే గాని పలకదు. బడిలో మొద్దు పిల్ల అంటున్నారట. నాకు ఒళ్ళు మండింది. వినపడని పిల్లను మొద్దు అనడం ఏమిటి?

"అక్కా, గా ఏడు రోజుల గోలీలే ఇయ్యి" అంది జమున. "మింగినప్పుడు జెర తగ్గుతది."

"మింగుడు బంద్ జేస్తే?"

"మల్ల మొదలు."

నేను డబ్బా తీయలేదు. ఇదే మందు నాలుగుసార్లు ఇచ్చాను. నాలుగుసార్లు ఇచ్చి నయం కానిదానికి ఐదోసారి ఇవ్వడం వైద్యం కాదు, మొండితనం.

తనూజ నా బల్ల మీదున్న రిజిస్టరు చూసి, "అవ్వా, నా పలక మా అమ్మ రాస్తది" అంది.

జమున మొహం తెల్లబోయింది. పిల్ల నోరు మూయబోయి, మూస్తే ఊపిరాడదని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది. పదహారో వారంలో తనూజకు ఎనిమిది నిండుతాయి.

వారం 2, మంగళవారం

డాక్టర్ యాకూబ్ దిగాడు. నెలకోసారి లిఫ్టులో వస్తాడు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు, ఓపిక మాత్రం నాకంటే రెండింతలు. తనూజ ముక్కులో, చెవిలో, గొంతులో దీపం వేసి చూశాడు.

"ఎన్నాళ్ళ సంది?"

"మూడేండ్లప్పటి సంది" అంది జమున.

"పన్నెండు వారాలు దాటితే ఇగ దాన్ని జలుబు అనరు చెల్లే. చూడు, మన మొకం ఎముకలల్ల గాలి గదులుంటయి. నుదురు ఎనక, చెంపల ఎనక, కండ్ల నడుమ. ఒక్కో గదికి సన్న తలుపు. లోపల తడి ఊరుతది, తలుపుల నుంచి ముక్కులకు దిగిపోతది. తలుపు కాడ వాపు వస్తే తడి లోపలనే నిలుస్తది."

ఇది నాకు తేలిగ్గా అర్థమైంది. నాలుగో గల్లీ మురుగు కాలువ నాలుగేళ్ళ కిందట పూడుకుపోయినప్పుడు చూశాం కదా, గచ్చు ఎంత కడిగినా కంపు పోలేదు.

"మరి గోలీలు?" అని జమున అడిగింది.

"గోలీలు పురుగును చంపుతయి. ఈడ ఉన్నది పురుగు గాదు, వాపు. ఎప్పుడన్న వాపు మీద పురుగు జేరితే అప్పుడు ఇస్తం. జ్వరమొచ్చినా, కన్ను చుట్టు ఉబ్బినా, తలనొప్పి భరించలేకున్నా ఆగకుండ కబురు పంపున్రి. అట్లయితె లిఫ్టు నేనే దింపిస్త." పిల్ల గొంతు వైపు చూపించాడు. "పిల్లలల్ల ఇంకొకటి ఉంటది. ముక్కు ఎనక ఎడినాయిడ్ అని కండ. అది ఉబ్బితే ముక్కుకు గాలి అందదు, చెవులు మూసుకుంటయి. అందుకే పలకట్లేదు. మొద్దు గాదు."

జమున కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. పలక రాస్తున్న సంగతి ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

వాళ్ళు వెళ్ళాక నా ముక్కు చూపించుకున్నాను. "ద్రాక్షపండ్ల లెక్క బుడిపెలున్నయి అక్కా, రెండు దిక్కుల. వాసన పైకి పోయే తొవ్వ మూసుకున్నది" అన్నాడు. నా చేతిలోని రిజిస్టరు వంక చూశాడు. నేను చీటీ సంగతి చెప్పేశాను.

అతను తిట్టలేదు. తిడితే బాగుండును. "నీకు రాకున్నా రిజిస్టర్ల వస్తున్నది. మిగతావాళ్ళకు వస్తున్నదని ఎట్ల నమ్ముదాం?" అని మాత్రం అడిగాడు.

వారం 2, బుధవారం

డాక్టరు పైకి వెళ్ళేముందు నాతోపాటు పెద్ద ఫ్యాను దగ్గరికి వచ్చాడు. ఫ్యాను నోటికి అడ్డంగా మా వట్టివేళ్ళ తడకలు ఉంటాయి. వాటి మీద రాత్రింబవళ్ళు నీళ్ళు కారుతూ గాలి చల్లబడి లోపలికి వస్తుంది. లోనూరుకు అవంటే మహా గొప్ప. వారానికో ఇల్లు వంతు వేసుకుని తడకల మీద అత్తరు చల్లుతాం, చల్లిన ఇంటివాళ్ళు ఆ వారమంతా తల ఎగరేసుకు తిరుగుతారు. మొదట్లో తడకలను పైకి పంపి ఎండబెట్టేవారు. లిఫ్టు తిరగడం తగ్గాక అది మానేశాం. వాసన మారినప్పుడల్లా ఇంకో బుడ్డి అత్తరు చల్లాం.

యాకూబ్ తడక వెనక చెయ్యి పెట్టి ఒక పీచు లాగాడు. అది నల్లగా, జిగటగా వచ్చింది.

"ఎన్నేండ్లయింది ఎండబెట్టక?"

"ఐదారేళ్ళు."

"బూజు అక్కా. ఊరంత దీన్నే పీలుస్తున్నది."

ఇన్నేళ్ళూ ఆ తడకల పక్కనుంచే రోజూ నడిచాను. అత్తరు వంతు మా ఇంటికి వచ్చినప్పుడు నేనూ చల్లాను, మంచి కొత్త చీర కట్టుకుని మరీ.

వారం 3, గురువారం

తాలింపు: ఏమీ లేదు.

ఓదెలుకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. పొద్దున వెళ్ళి అడిగితే మొదట ఎగిరిపడ్డాడు. "తాలింపు లేని పప్పు పెడితే నన్ను చంపుతరక్కా!" అన్నాడు. తాలింపు గంట దాటాక పచ్చడి ఎక్కువ వేద్దువులే అని బుజ్జగించాను. చివరికి అతనికీ సరదా పుట్టింది. ఉత్త మూకుడు కాల్చి, అందులో గరిటెడు నీళ్ళు చల్లి చుయ్యిమనిపించాడు. నాటకం వేస్తున్నట్టు గరిటెతో టకటకా మోగించాడు. ఫ్యాను తిరిగింది. నేను ఎప్పటిలాగే పుస్తకం చంకన పెట్టుకుని బయలుదేరాను.

మొదటి గల్లీ మొదటి ఇల్లు: వెల్లుల్లి, కరివేపాకు.
రెండో ఇల్లు: వెల్లుల్లి, కరివేపాకు.

గల్లీ చివరిదాకా అదే. రెండో గల్లీ, మూడో గల్లీ, నాలుగో గల్లీ. 226 పలకల మీద వెల్లుల్లి, కరివేపాకు. తొమ్మిది మంది ఇంకేదో రాశారు. ఐదు ఖాళీ. ఆ ఐదుగురికైనా ముక్కు పనిచేస్తోందా, లేక వాళ్ళకూ ఏమీ రాక ఊరుకున్నారా అన్నది కూడా చెప్పలేను. ఖాళీ పలకల్లో ఒకటి తనూజది. జమున ఆ రోజు పంపుల దగ్గర పనిలో ఉంది.

ఎవరినీ తిట్టలేను. మొదటి ఇంటి పలక చూసి రెండో ఇంటివాళ్ళు, వాళ్ళది చూసి మూడో ఇంటివాళ్ళు రాస్తున్నారు. మామూలు రోజుల్లో వంటింటి దగ్గర కంటపడిన దినుసు ఇలాగే ఊరంతా పాకి ఉంటుంది, ఈ రోజు ఒకరి ఊహ పాకింది. పక్కింటివాళ్ళకు వచ్చింది, నాకే రాలేదేమో అని ప్రతి ఒక్కరూ ఎవరికి వారు భయపడి ఉంటారు. వాళ్ళను భయపెట్టిన నిబంధనా మాదే, వాళ్ళు రాసింది నమ్మిన రిజిస్టరూ నాదే. ఈ రోజు గోడ వెనక బొగ్గు రాజుకుంటే లోనూరులో ఒక్కరికీ తెలియదు.

ముందు పేజీలో "సరి 226" అని రాశాను. 

వారం 3, శుక్రవారం

చెప్పాలి. ఎవరికి చెప్పాలి? చెబితే గాలిపెద్ద బక్కయ్య నిబంధన పట్టుకుని కూర్చుంటాడు, ముందు నన్నే పైకి పంపిస్తాడు, తర్వాత జమున బిడ్డను. గాలిపెద్ద అంటే ఊరి గాలికి, ప్రమాదమొస్తే కొట్టే గంటకు, లిఫ్టుకు పెద్ద. పేరుకే బక్కయ్య, లిఫ్టు ఆయనెక్కితే ఇంకొకరికి చోటుండదు. మనసు చెడ్డది కాదు గాని కాగితం మీద రాసి ఉన్నది ఆయనకు దేవుడి మాట.

సగమే చెప్పాను. తడకలకు బూజు పట్టింది, డాక్టరు ఎండబెట్టమన్నాడు అన్నాను.

"మా తాతల నాటి తడకలమ్మా గవి. ఇప్పుడు బూజంటవేంది?"

"తాతల నాటివి కాబట్టే బూజు పట్టింది."

ఆయన నవ్వలేదు. పక్కనున్న ఆయన భార్య, "తీయించు, నీ గురకకు నాకు కునుకు లేక మూడేండ్లాయె" అంది. ఆ మాటతో పని అయిపోయింది. వారానికి రెండు తడకలు లిఫ్టులో పైకి పోతాయి, ఎండి దిగుతాయి. అత్తరు బంద్. ఈ ఒక్క మాటకు ఊరిలో సగం మంది నాతో మాట్లాడటం మానేశారు.

వారం 4, సోమవారం

తనూజ వైద్యం, నా వైద్యం ఒకేసారి మొదలు. మా ఇద్దరికీ ఒకే పని కాబట్టి పొద్దున, సాయంత్రం పిల్ల దవాఖానాకు వస్తుంది.

అర లీటరు నీళ్ళు బాగా మరగబెట్టి చల్లార్చాలి. చెంచాడు ఉప్పు, అర చెంచా తినే సోడా. కాయని నీళ్ళు ముక్కులో పోయకూడదని యాకూబ్ మూడుసార్లు చెప్పాడు. తొట్టి మీదికి వంగి, తల ఒక పక్కకు తిప్పి, పై ముక్కులో పోస్తే కింది ముక్కులోంచి కారాలి. నోటితో ఊపిరి తీయాలి. ఆ తర్వాత వాపు తగ్గడానికి యాకూబ్ ఇచ్చిన మందు స్ప్రే. స్ప్రే మూతిని ముక్కు నడిమి గోడకు కాకుండా చెవి వైపుకు తిప్పి కొట్టాలి. పిల్లకు తక్కువ మోతాదు.

మొదటిరోజు తనూజ నా చీర మీద, గోడ మీద, తన మీద తప్ప తొట్టిలో ఒక్క చుక్క పోయలేదు. నేనూ అంతకంటే గొప్పగా ఏం చేయలేదు. ఇద్దరం తుమ్ముతూ, దగ్గుతూ, ఒకరిని చూసి ఒకరు నవ్వాం.

వారం 6, బుధవారం

ఏ మార్పూ లేదు. జమున విసుక్కుంది. "గోలీలు ఇస్తే రెండు రోజులకే తెలుస్తుండె."

"తెలుస్తుండె, మల్ల వస్తుండె. గీ మందు నెమ్మదిగ పనిచేస్తది. వాపు ఏండ్ల సంది ఉన్నది, వారాలన్న పట్టదా?"

ధైర్యంగా అన్నాను గాని నా ముక్కు సంగతి కూడా అంతే. ఇంటికెళ్ళి ఇంగువ డబ్బాలో ముక్కు పెట్టి చూసుకున్నాను. డబ్బాలో రాళ్ళున్నా నాకు తేడా ఉండేది కాదు. ఏడుపొచ్చింది.

వారం 8, శనివారం

జమున పరుగెత్తుకుంటూ వచ్చింది.  "అక్కా, పండుకున్నప్పుడు నోరు మూసుకున్నది! చూద్దువు రా!"

పగటి నిద్రలో ఉన్న పిల్లను చూడటానికి ఇద్దరం పిల్లుల్లా నడిచి వెళ్ళాం. పెదాలు మూసుకుని, ముక్కుతో ఊపిరి తీస్తోంది. పది నిమిషాలు అలాగే నిలబడి చూశాం.

వారం 10, మంగళవారం

యాకూబ్ దిగాడు. తనూజ చెవులు తేటపడ్డాయి, ఎడినాయిడ్ కోత అక్కర్లేకపోవచ్చు అన్నాడు. నాకు మాత్రం బుడిపెలు చిన్నవయ్యాయి గాని పోలేదు. మందు కొనసాగించాలి, లేదంటే పైన పెద్ద దవాఖానాలో తీసేయాలి. తగ్గినా మళ్ళీ రావచ్చు, కడుగుడు మాత్రం ఎప్పటికీ మానొద్దు అన్నాడు. సరేనన్నాను.

తనూజ ఈ రోజు సబ్బు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. "అవ్వా, దీన్ల ఏందో ఉన్నది."

"గదే వాసన బిడ్డా."

"అన్నిట్ల ఉంటదా?"

ఈ పిల్లకు మూడేళ్ళప్పటి నుంచి ముక్కు మూసుకుపోయి ఉంది. ఏ వాసనకూ పేరు తెలియదు. నేను రోజుకొకటి నేర్పిస్తున్నాను. ఇప్పటికి మూడు: సబ్బు, నిమ్మకాయ, వెల్లుల్లి. నేర్పించే నాకు ఒక్కటీ రాదు.

వారం 12, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం మూడింటికి తనూజ వచ్చింది. బడి నుంచి వస్తూ నాలుగో గల్లీ మీదుగా తిరిగొచ్చిందట.

"అవ్వా, గాడ ఏందో ఉన్నది."

"ఎసొంటిది?"

"తెల్వది. సబ్బు గాదు, నిమ్మకాయ గాదు, ఎల్లిపాయ గాదు."

 పిల్లను కూర్చోబెట్టి దవాఖానాలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే మూత తీసి చూపించాను. స్పిరిట్. "గాదు." కర్పూరం. "గాదు." కిరోసిన్. కాసేపు ఆలోచించి, "జెరంత" అంది. లిఫ్టు తాడుకు పూసే తారు డబ్బా తెచ్చాను. మూత తీయగానే పిల్ల తల గట్టిగా ఊపింది.

"గిట్లనే. గని ఆడ తియ్యగ గూడ ఉన్నది."

బొగ్గు వేడెక్కితే తారులా, కిరోసిన్‌లా, కాస్త తీపిగా వాసన వస్తుందని నా చిన్నప్పుడు మా నాయన చెప్పాడు. పిల్ల చెయ్యి పట్టుకుని నాలుగో గల్లీకి వెళ్ళాను. ఆమె ముందు, నేను వెనక. పదకొండో గోడ దగ్గర ఆగింది. నేను గట్టిగా పీల్చాను. నాకు ఏమీ లేదు. గుమ్మాల దగ్గర కూర్చుని ముగ్గురు ఆడవాళ్ళు బియ్యం ఏరుతున్నారు. వాళ్ళకూ ఏమీ లేదు.

బక్కయ్య దగ్గరికి వెళ్ళాం. గంట తాళం ఆయన దగ్గరే ఉంటుంది. నిబంధన ప్రకారం రెండు ముక్కులు ఒప్పుకుని రిజిస్టరులో సంతకాలు పెడితేనే గంట కొట్టాలి.

"పిల్లది ఒకటి" అన్నాడు. "ఎనిమిదేండ్లు లేవు, అయినా రాసుకుంట. రెండోది నీది రాయి."

పెన్ను నా చేతిలో పెట్టాడు. సంతకం పెడితే చాలు. రెండేళ్ళుగా రోజూ పెడుతున్న అబద్ధపు సంతకమే, ఇప్పుడు మంచికే పెట్టొచ్చు, ఊరు బతుకుతుంది. రెండు క్షణాలు ఆ పెన్ను వంకే చూశాను. ఆ సంతకం పెడితే గోడ చల్లారుతుంది గాని రేపు పదకొండింటికి మళ్ళీ అందరూ వెల్లుల్లి అనే రాస్తారు. ఇంకో గోడ వెనక రాజుకున్న రోజు ఈ పిల్ల ఆ గల్లీ మీదుగా రాకపోతే?

"నాకు వాసన రాదు బక్కన్నా" అన్నాను. "రెండేండ్లాయె. ఓదెలు చీటీ చూసి రాస్తున్న. ఊరోళ్ళకు గూడ రాదు. మూడో వారం ఒకనాడు తాలింపే వెయ్యలేదు, రెండు వందల ఇరవై ఆరు మంది వెల్లుల్లి అని రాసిన్రు. ఉన్నది ఈ ఒక్క ముక్కే. రెండోది లేదు. గంట కొట్టు."

ఆయన ముఖం ఎర్రబడింది. "ఒక్క పోరి మాట మీద..." అంటూ ఆగి, లేచి, నాలుగో గల్లీకి నడిచాడు. ఆ బరువు మనిషి అంత వేగంగా నడవడం నేనెన్నడూ చూడలేదు. పదకొండో గోడ మీద అరచెయ్యి ఆనించాడు. తీసి చూసుకున్నాడు. చెయ్యి తడిగా ఉంది.

"వెచ్చగున్నది" అన్నాడు, నెమ్మదిగా.

తాళం తీసి గంట ఆయనే కొట్టాడు.

వారం 12, ఆదివారం

అందరం లిఫ్టు చావడిలో మూడు రోజులున్నాం. గోడ వెనక ఇసుక, నీళ్ళు కలిపి నింపారు. గోడ చల్లబడింది. పలకలున్న 240 మందిమీ, చంటిపిల్లలూ లెక్కకు వచ్చాం, ఒక్క ప్రాణం పోలేదు. చావడిలో నాతో ఎవరూ మాట్లాడలేదు. ఓదెలు మాత్రం అంబలి గిన్నె తెచ్చి నా పక్కన కూర్చున్నాడు.

వారం 13, సోమవారం

పొద్దున దవాఖానా తలుపు తీస్తే బయట బక్కయ్య నిలబడి ఉన్నాడు. నన్ను పైకి పంపే కాగితం తెచ్చాడనుకున్నాను. చీర మడతలు సర్దుకుని సిద్ధపడ్డాను. ఆయన చేతిలో కాగితం లేదు. ఇంటి చెంబు ఉంది.

"నాక్కూడ రాదు" అన్నాడు. "నాలుగేండ్లాయె. ఉప్పునీళ్ళు ఎట్ల పోసుకుంటరో చూపెట్టు."

ఆయన వెనక ఆయన భార్య. ఆమె వెనక మొదటి గల్లీ. దాని వెనక రెండో గల్లీ. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో చెంబు. ఎవరూ ఎవరి వంకా చూడటం లేదు. ఒక్కొక్కరూ బల్ల దగ్గరికి వచ్చి, పేరు చెప్పి, "రాదు" అంటున్నారు. కొందరు "జెర జెర వస్తది" అన్నారు. నేను రాసుకున్నాను. మధ్యాహ్నం దాకా రాస్తూనే ఉన్నాను. రాదు 171. కొంచెం వస్తుంది 46. బాగా వస్తుంది 23, వాళ్ళలో చాలామందికి తడకలు ఎండాకేనట.

నిబంధన ప్రకారం 171 మందిని పైకి పంపాలని బక్కయ్యకు గుర్తు చేశాను, ఉడికించడానికే.

"అందరం పోతె ఈడ గంట ఎవరు కొడుతరు? ఆ నిబంధన పేజీ చింపెయ్యి" అన్నాడు. కాగితాన్ని దేవుడిలా చూసే మనిషి నోట ఆ మాట విన్నాను.

ఇరవై మూడు మందికీ నాలుగు గల్లీల్లో వంతులు వేశాం, రోజుకు రెండుసార్లు గోడలు చూసి రావడానికి. వాళ్ళలో చిన్నది తనూజ.

ముక్కునీళ్ళు కాయడానికి ఓదెలు పెళ్ళిళ్ళ గుండిగ దింపాడు.

వారం 16, బుధవారం

తాలింపు: మెంతులు, ఎండుమిర్చి. పలకలు 240. సరి 52. తప్పు 31. ఖాళీ 157. నాది ఖాళీ.

ఇంత ఘోరమైన లెక్క లోనూరు చరిత్రలో లేదు. ముందు పేజీలో దీన్ని గుండ్రంగా, అందంగా రాశాను.

ఈ రోజు తనూజకు ఎనిమిది నిండాయి. నేను వాళ్ళ గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి జమున పలక పక్కనే, చేతిలో బలపంతో నిలబడి ఉంది. పలక మీద పిల్ల వంకర అక్షరాలతో రాసి ఉంది: "ఏందో చేదుది. పేరు తెల్వది."

జమునకు సరైన జవాబు తెలుసు. ఆమెకు కొంచెం కొంచెం వస్తోంది, మెంతులని పట్టుకోగలదు. బలపం ఒకసారి పలక దాకా వెళ్ళింది. ఆగింది. ఆమె దాన్ని పైట కొంగుకు తుడిచి, గూట్లో పెట్టేసింది.

"రాసుకో అక్కా" అంది.

రిజిస్టరు లెక్క ప్రకారం మెంతులు అని లేదు కాబట్టి తప్పు కింద ఎక్కించాను. ఈ రిజిస్టరు పట్టుకున్నప్పటి నుంచి నేను ఏ సందేహమూ లేకుండా నమ్మిన మొదటి పలక అది.